దారి చూపినవాని ఊరు ఏది?



దేవుడే మనలను నడిపించుచుండగా మనకు మనుష్యుని సహాయమెందుకు? ఒకడు మనకు దారి చూపినయెడల, కూలి యిచ్చినంతమాత్రమున అతని ఋణము తీరునా? ఇవి చదువుకొన్నవారు తీరికవేళ వాదించుకొను ప్రశ్నలని మీరు తలంపవచ్చును. నేనును అట్లే తలంచితిని. అయితే గడచిన చలికాలములో, ఒక్క పగటి ప్రయాణములో, ఈ రెండును నా యెదుట నిలిచి జవాబు అడిగినవి. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రొద్దుటూరు సంఘపు ఆదివారపు బడి పిల్లలు ఇరువదిమంది, యౌవనస్థులు కొందరు, పులివెందుల నుండి వచ్చిన మా బంధువు ఒకరు, నేను కలిసి గండికోట చూడబోయితిమి. చీకటితోనే సద్దిమూటలు కట్టుకొని బయలుదేరి, జమ్మలమడుగులో టీ త్రాగి, అక్కడికి 15 కిలోమీటర్ల దూరములోనున్న కోటకు ప్రొద్దెక్కకమునుపే చేరితిమి. దారిపొడుగున నల్లరేగడి చేలలో శనగపైరు పచ్చగా నుండెను. పిల్లలు పాటలు పాడుచుండిరి. నా మనస్సు తేలికగా నుండెను.

కోట వాకిట ఒక పెద్దాయన మమ్మును చూచి లేచి వచ్చెను. తలకు తువ్వాలు, చేతిలో కర్ర, కాళ్లకు అరిగిన చెప్పులు. ఏండ్లు అరువది దాటియుండును. "అయ్యగారూ, కోటంతా, లోయంతా పొద్దుగూకేదాకా తిప్పి చూపిస్తా. ఐదు నూర్లు ఇయ్యండి" అనెను. నేను సంఘపు డబ్బు లెక్క చెప్పవలసినవాడను గదా, మూడువందల యాబదికి బేరమాడితిని. ఆయన పిల్లల వైపు ఒకసారి చూచి, "సరే, పదండి" అని ముందు నడిచెను. నూటయాబది రూపాయలు మిగిల్చితినని నాకు లోలోపల సంతోషమాయెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి; చివరకు మరల దీనియొద్దకే రావలసియున్నది.

ఆయన మాకు చాల చూపెను. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు, రంగనాథస్వామి గుడి, ఇవన్నియు ఒకదాని పొడుగున ఒకటి చూచితిమి. 1652లో ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు తావెర్నియే అనునాయన మీర్ జుమ్లాను కలిసికొనుటకు ఇంతదూరము వచ్చెను. అంత వైభవము చూచిన కోటలో ఇప్పుడు గోడలమీద మేకలు ఎక్కుచున్నవి. రాజులు పోయిరి, రాళ్లు నిలిచినవి.

ఆ పిమ్మట లోయ అంచునకు పోయితిమి. ఎఱ్ఱమల కొండలను పెన్నానది నిలువున కోసి తనకు దారి చేసికొన్న చోటు అది. ఆ గండిని బట్టియే ఊరికి గండికోట అని పేరు. రెండు ప్రక్కల ఎఱ్ఱని రాయి పొర మీద పొరగా, మన ఇండ్లలో పరచుకొను బండలు దొంతర పెట్టినట్లు లేచియున్నది. భూమిశాస్త్రము చదివినవారు ఈ రాళ్ల వయస్సు నూరుకోట్ల సంవత్సరములకు పైబడినదని లెక్కించి, ఈ శిలల సముదాయమునకు మన కడప పేరే పెట్టిరి. అడుగున నీరు అద్దమువలె కదలక నిలిచియుండెను. అంతవరకు అల్లరి చేయుచున్న పిల్లలు అక్కడ మాటలు మానిరి. సృష్టికర్త చేతిపని యెదుట పసివారికిని పెద్దవారికిని మౌనమే తగిన స్తోత్రము.

అక్కడ ఒక చిన్న పిల్ల నా చేయి లాగి మెల్లగా అడిగెను: "అయ్యగారూ, తాత ఎప్పుడు చూసినా లోయ పక్కనే నడుస్తాడెందుకు?" అప్పుడు నేను గమనించితిని. కోట గోడ దాటినది మొదలు, దారి అంచుకు వచ్చినప్పుడెల్ల, ఆయన పిల్లలను లోపలి ప్రక్కకు తోలి, తాను లోయ ప్రక్కన నడుచుచుండెను. పిల్లలకును పడిపోవు చోటుకును నడుమ ఆయన దేహమే అడ్డుగా నుండెను. ఎవరును అట్లు చేయుమని చెప్పలేదు. మేము కుదుర్చుకొన్న మూడువందల యాబదిలో అది చేరలేదు. పది సంవత్సరముల పిల్ల చూచినదానిని నేను చూడనైతిని.

మధ్యాహ్నము ఆయనే మమ్మును ఎగువనున్న జలాశయము చూచుటకు తీసికొనిపోయెను. కొండాపురము వైపు కనుచూపు మేర నీరు. ఎండలో వెండిరేకువలె మెరయుచుండెను. మన కరవు సీమలో, ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడు ఈ నేలమీద, అంత నీరు ఒక్కచోట చూచినవానికి సముద్రము చూచినట్లే యుండును. శ్రీశైలము వెనుకనుండి పోతిరెడ్డిపాడు మీదుగా, గాలేరు–నగరి కాలువ వెంబడి, కృష్ణమ్మ ఇంతదూరము నడిచి వచ్చి పెన్నమ్మతో కలిసినది. సుమారు 27 టి.ఎం.సి.ల నీరు ఇందులో నిలువ చేయవచ్చును. ఇక్కడినుండి ఎత్తిపోసిన నీరు పైడిపాళెము జలాశయమునకు 2017లో చేరినది. చిత్రావతి జలాశయమునకును చేరుచున్నది. అనగా పులివెందుల ప్రాంతపు చీనీతోటలును అరటితోటలును ఈ నీటి చలువను ఎరుగును.

మేము సద్దిమూటలు విప్పి సంగటి, చెనిక్కాయల పచ్చడి తినుచుంటిమి. ఆయనకును పెట్టితిమి. పులివెందుల బంధువు నీటిని చూచి సంతోషము పట్టలేక, "దేవుని కృప! ఎండిపోయి కొట్టేద్దామనుకున్న మా చీనీతోట ఈ నీళ్లతోనే బతికింది" అనెను. పెద్దాయన చేతిలోని ముద్ద విడువక నీటి వైపు చూచుచు, "మంచిదన్నా. మా ఊరు ఊరికే పోలేదులే అయితే" అనెను.

మాలో ఎవరికిని ముద్ద దిగలేదు.

"ఏ ఊరు?" అని నేనడిగితిని. ఆయన కర్ర ఎత్తి నీటి నడుమ ఒక చోటు చూపెను. అక్కడ చూచుటకు ఏమియు లేదు, నీరు తప్ప. "ఆడ మా యింటి ముందర యాపచెట్టు ఉండేది. మా నాయన్ను ఆ చేను గట్టునే పూడ్చినాము. నాలుగెకరాల నల్లరేగడి. జొన్న, శనగ, పత్తి, ఏదేస్తే అది పండేది. డబ్బులు ఇచ్చినారు. కాలనీలో ఇల్లు కట్టుకున్నాము. అబద్ధమెందుకు? అయితే ఇల్లు ఇచ్చినారు గానీ ఊరు ఇయ్యలేరు గదా. ఇప్పుడు చేను లేదు, అందుకని ఈడికొచ్చి దారి చూపిస్తా ఉండా." ఇది చెప్పునప్పుడు ఆయన గొంతులో కోపము లేదు. కొంచెము సేపు ఊరకుండి, "ఇన్నేండ్లు ఎందరినో తిప్పినా. రాజు పేరు అడుగుతారు, రాయి పేరు అడుగుతారు. నీ ఊరి పేరేంది అని మీరే మొదట అడిగింది అయ్యగారూ" అనెను.

చదువరులారా, ఆ మెప్పు నాకు చెందదు. ఉదయము ఏడు గంటలనుండి మధ్యాహ్నమువరకు ఆయనతో నడిచితిని. కోట పొడవు అడిగితిని, లోయ లోతు అడిగితిని, కూలి తగ్గించుమని అడిగితిని. ఆయన పేరైనను అడుగలేదు. నీటిలోని ఊరు తానై పైకి లేచి నాతో పలికినప్పుడే అడిగితిని.

ఇంటికి వచ్చిన రాత్రి నిద్రపట్టక సంఖ్యాకాండము తీసితిని. పదియవ అధ్యాయములో ఒక మనుష్యుడున్నాడు. మనము అతని మీద ప్రసంగములు చేయుట అరుదు. అతని పేరు హోబాబు. మిద్యానీయుడు, మోషేకు అత్తింటివాడు. ఐగుప్తు విడిచిన రెండవ సంవత్సరము, రెండవ నెల, ఇరువదియవ దినమున మేఘము లేచినది. ఇశ్రాయేలీయులు సీనాయి విడిచి బయలుదేరవలెను. అప్పుడు మోషే హోబాబును తమతో రమ్మని వేడుకొనెను. అతడు రానని, తన దేశమునకును తన బంధువులయొద్దకును పోయెదనని చెప్పెను. మోషే విడువలేదు. ఈ అరణ్యములో ఎక్కడ దిగవలెనో నీకు తెలియును, నీవు మాకు కన్నులవలె ఉండవలెనని బ్రతిమాలెను. అంతటితో ఆగక, యెహోవా తమకు ఏ మేలు చేయునో ఆ మేలును తాము అతనికి చేయుదుమని మాట ఇచ్చెను.

ఇక్కడ మొదటి ప్రశ్న వచ్చుచున్నది. పగలు మేఘము, రాత్రి అగ్ని వారికి కలదు. మందసము వారికి ముందుగా నడిచెనని అదే అధ్యాయము చెప్పుచున్నది. దేవుడే దారి చూపుచుండగా మిద్యానీయుని కన్నులు ఎందుకు? ఇక్కడ మోషే విశ్వాసము సన్నగిల్లెనని కొందరు చెప్పుదురు. నాకు అట్లు తోచదు. మేఘము ఎప్పుడు లేవవలెనో, ఎటు పోవలెనో, ఎక్కడ నిలువవలెనో చెప్పును. నిలిచిన చోట ఏ బండ చాటున నీడ దొరకునో, ఏ వాగులో ఇసుక తవ్విన నీరు ఊరునో, ఏ గుట్ట వెనుక పశువులకు మేత ఉన్నదో, ఏ పొదలో పాములుండునో, ఇవి ఆ నేలమీద పుట్టి పెరిగినవానికి తెలియును. ఆ తెలివియు దేవుడిచ్చినదే గదా! మేఘమును ఇచ్చిన దేవుడే హోబాబునకు కన్నులను ఇచ్చెను. పైనుండి వచ్చు నడిపింపు ప్రక్కనున్నవాని సహాయమును కొట్టివేయదు. నాకు దేవుడున్నాడు, ఎవరితోను పనిలేదని చెప్పువాడు విశ్వాసములో గొప్పవాడనుకొనును గాని, అది అనేక మారులు విశ్వాసపు అంగీ తొడిగిన గర్వమే.

మరియొక సంగతి గమనించుడి. హోబాబు ఇశ్రాయేలీయుడు కాడు. దేవుని ప్రజలకు కన్నులుగా నుండుటకు మోషే పిలిచినవాడు బయటివాడు. గండికోటలో మా పిల్లలకు అడ్డుగా నడిచిన పెద్దాయన మన సంఘమువాడు కాడు. మంచి సమరయుని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము ఎన్నిసార్లు విన్నను, మన మేలు మనవారిచేతనే కలుగునని తలంచుట మన అలవాటు.

ఇది మన దేశపు సంగతి మాత్రమే కాదు. కెనడా దేశపు పడమటి కొనను, వాంకూవర్ ద్వీపపు సముద్రతీరమున, చల్లని వానల అడవి కలదు. అక్కడ ఏటికి 3000 మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. మన కడప జిల్లాకు నాలుగేండ్లకు గాని అంత వాన రాదు. వేయేండ్లు దాటిన దేవదారువంటి చెట్లు, నాచు పట్టిన మానులు, అలలు విరుచుకుపడు బండల గట్లు చూచుటకు లోకమంతటినుండి జనులు ఒక పగటి యాత్రకు పోవుదురు. ఆ తీరమున తరతరములుగా నివసించు ట్లా-ఓ-క్వి-అట్ అను జనులు, మియర్స్ అను దీవిలోని చెట్లను కంపెనీవారు నరుకబోగా, 1984లో అది తమ జనుల ఉద్యానవనమని ప్రకటించిరి. చూడవచ్చువారికి స్వాగతము, గొడ్డలితో వచ్చువారికి కాదనిరి. మరుసటి సంవత్సరము న్యాయస్థానము ఆ నరుకుటను నిలిపివేసెను. వారిలో కొందరు నేడు యాత్రికులకు దారి చూపుచున్నారు. తడిసిన అడవి అయినను ఎండిన లోయ అయినను, న్యాయము ఒక్కటే: ఒక నేల అందమును చూడగోరువాడు ఆ నేలమీద బ్రదికినవారి సంగతియు విచారింపవలెను.

ఇప్పుడు రెండవ ప్రశ్న. మీరు నన్ను ఇట్లు అడుగవచ్చును: "అయ్యా, ఆనకట్ట మేము కట్టలేదు. ఆ ఊళ్లను మేము ముంచలేదు. పరిహారము ఇచ్చుట, ఇయ్యకపోవుట దొరతనమువారి పని. వచ్చిన నీళ్లు పారించుకొన్న రైతు ఏమి పాపము చేసెను?" ఇది న్యాయమైన మాట. దీనికి తప్పించుకొనక జవాబు చెప్పవలెను.

పాపము చేయలేదు. నేను పాపమని చెప్పుట లేదు. దోషము వేరు, ఋణము వేరు. నేను చేసిన తప్పువలన కలుగునది దోషము. నేను పొందిన మేలువలన కలుగునది ఋణము. ఏ తప్పును చేయనివాడు సహితము గొప్ప ఋణస్థుడై యుండవచ్చును. తల్లి ప్రసవవేదన పడినందుకు బిడ్డది దోషమా? కాదు. అయితే బిడ్డ తల్లికి ఋణపడలేదా? ఇశ్రాయేలీయులు హోబాబును అతని ఊరినుండి బలవంతముగా లాగుకొనిపోలేదు, బ్రతిమాలిరి. అతనికి ఏ హానియు చేయలేదు. అయినను మేలు పొందబోవుచున్నారు గనుక, ఆ మేలులో అతనికి పాలు ఇచ్చెదమని మోషే ముందుగానే చెప్పెను. మన ఆపద అంతయు ఇక్కడనే యున్నది. దోషము లేదు గనుక ఋణమును లేదనుకొందుము. చేతులు కడుగుకొని, ఆ చేతులతోనే నీళ్లు త్రాగుదుము.

ఆ మాట నిలిచినదా? నిలిచినది. హోబాబు రెండవసారి ఏమి జవాబిచ్చెనో సంఖ్యాకాండములో వ్రాయబడలేదు. అయితే అతని సంతతివారైన కేనీయులు యూదావారితో కూడ ఖర్జూరపు చెట్ల పట్టణమునుండి వెళ్లి ఆ జనులతో నివసించిరని న్యాయాధిపతుల గ్రంథము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. కొన్ని వందల ఏండ్ల తరువాత సౌలు అమాలేకీయులమీదికి యుద్ధమునకు పోయినప్పుడు, ముందుగా కేనీయులకు వర్తమానము పంపి, మీరు తప్పించుకొని పొండని చెప్పెను. ఎందుకు? ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి వచ్చునప్పుడు వారు చేసిన ఉపకారము జ్ఞాపకమున్నది గనుక. సౌలు అనేక విషయములలో తప్పినవాడు. ఆ దినమే దేవుని ఆజ్ఞను మీరినవాడు. అట్టి సౌలు సహితము తాతల నాటి ఋణమును మరువలేదు. మనము 2020 సంవత్సరమును మరువవచ్చునా? ఆ యేట జలాశయములో నీటిమట్టము పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరువారు ఇండ్లు విడిచి వెళ్లిరి. వారు ఏ మిద్యానునో కారు. మన సంతకు వచ్చినవారు, మన ఆసుపత్రిలో ప్రక్క మంచముమీద పండుకొన్నవారు.

మరి ఆ నీళ్లు త్రాగవద్దా? దావీదు ఒకప్పుడు దాహముగొని బేత్లెహేము బావి నీళ్లు కోరెను. ముగ్గురు శూరులు శత్రువుల దండులోనుండి ప్రాణములకు తెగించి తెచ్చి ఇచ్చిరి. ఆయన త్రాగ మనసు లేక ఆ నీళ్లను యెహోవా సన్నిధిని పారబోసెను. నీటి చెంబులో ఆయన ఆ మనుష్యుల ప్రాణములను చూచెను. మనము తోటలను ఎండబెట్టి నీళ్లు పారబోయనక్కరలేదు. అట్లు చేసినయెడల మునిగిన ఊళ్లు నిజముగా ఊరికే పోవును. త్రాగుదము, పారించుదము, స్తోత్రము చేయుదము. అయితే దావీదువలె చెంబులోనికి చూచి త్రాగుదము. ఈ నీటికి ఎవరో ఒకరు తమ వేపచెట్టును, తండ్రి సమాధిని, నాలుగెకరాల నల్లరేగడిని వెల యిచ్చిరి. కృతజ్ఞతాస్తుతిలో ఆ వెల చెప్పబడనియెడల, దేవునికి సగము స్తోత్రమే చెల్లించినవారమగుదుము.

మన సంఘముల చరిత్రలోను ఇట్టి ఋణము కలదు. 1822లో లండన్ మిషనువారు కడపలో పని ప్రారంభించిరి. దొరలు సముద్రము దాటి వచ్చిరి, భాష నేర్చుకొనిరి, బడులు పెట్టిరి, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి నిలిపిరి. వారి పేర్లు రాతిపలకలమీద ఉన్నవి, ఉండవలసినవే. అయితే వారిని పల్లెనుండి పల్లెకు తీసికొనిపోయినదెవరు? ఏ పేటలో వాకిలి తెరచుకొనునో, ఏ పెద్దతో ముందుగా మాటలాడవలెనో, ఏ వంక వాన వచ్చిన దాటరానిదో చెప్పినదెవరు? ఉపదేశులు, బడి అయ్యవార్లు, బైబిలు స్త్రీలు, బండి తోలినవారు. వారు మన హోబాబులు. వారిలో అనేకుల పేర్లు ఏ పలకమీదను లేవు. మీ సంఘములో వృద్ధులు బ్రదికియుండగానే అడిగి, ఆ పేర్లను సంఘపు పుస్తకములో వ్రాసి ఉంచుడి. పేరు నిలుపుట చిన్న పని కాదు. లేఖనము హోబాబు పేరును మూడువేల ఏండ్లకు పైగా కాపాడినది.

అట్లయితే మనమేమి చేయవలెను? పెద్ద పనులు చెప్పను. పల్లె సంఘములు చేయగలవి మూడు చెప్పెదను.

మొదటిది, అడుగుట. మీ ఊరిలో, మీ పేటలో, మీ పొలములో పనికి వచ్చువారిలో మునక గ్రామములనుండి వచ్చినవారుందురు. వారి పాత ఊరి పేరు అడుగుడి. చెప్పుచుండగా తొందరపడక వినుడి. ఇందుకు కాసు ఖర్చు లేదు, అయినను దీనికే మనలో కరవు.

రెండవది, పాలు పెట్టుట. కోతపండుగ నాడు చీనీకాయలు, అరటిగెలలు, ధాన్యము బలిపీఠము ముందర పెట్టుదుము గదా. ఈ నీటితో పండినదానిలో ఒక భాగము పునరావాస కాలనీలోని విధవరాండ్రకును వృద్ధులకును చేరవలెను. దానిని భిక్షముగా ఇయ్యకుడి. మోషే హోబాబునకు భిక్షము పెట్టెదనని చెప్పలేదు. తమకు కలిగిన మేలులో పాలు అనెను. పాలివానికి తల వంచి ఇయ్యవలెను.

మూడవది, కూలివానియొద్ద గీచి గీచి బేరమాడకుండుట. పట్టుబట్టల కొట్టులో, బంగారు అంగడిలో చెప్పిన ధర ఇచ్చి వచ్చుదుము. దారి చూపువాడు, మూట మోయువాడు, కాయలు కోయువాడు అడిగినప్పుడు మాత్రము మనకు లెక్కలు జ్ఞాపకము వచ్చును. ఇది ఇతరులకు చెప్పుట లేదు, నాకు నేను చెప్పుకొనుచున్నాను.

ఏలయనగా, ఆ దినము ప్రొద్దుగూకినప్పుడు, కోట వాకిట నేను ఆయనకు ఐదువందలు ఇచ్చితిని. ఆయన లెక్కపెట్టుకొని నూటయాబది నా చేతిలో పెట్టెను. "మాట్లాడుకున్నది మూడు నూర్ల యాభై గదా అయ్యగారూ. మాటంటే మాట" అనెను. ఎంత బలవంతపెట్టినను తీసికొనలేదు. ఉదయము నేను గెలిచితినని సంతోషించిన నూటయాబది రూపాయలు సాయంకాలము నా చేతిలో నిప్పువలె ఉండెను. వాటిని సంఘపు పెట్టెలో వేయుటకు మనస్సు రాలేదు, ఖర్చు చేయుటకును రాలేదు. ఇప్పటికిని నా బైబిలులో, సంఖ్యాకాండము పదియవ అధ్యాయమునొద్ద ఉన్నవి. రేపటి కోతపండుగకు పిల్లలను తీసికొని ఆయన కాలనీకి పోయి, మా పంటలో పాలు పెట్టి రావలెనని నిశ్చయించుకొంటిమి. పులివెందుల బంధువు చీనీకాయల బస్తాలు తానే తెచ్చెదననెను. అంతటితో ఋణము తీరునని నేననుకొనుట లేదు. తీరని ఋణమును ఒప్పుకొని బ్రదుకుటయు ఒక భక్తియే. సిలువయొద్ద మనము నేర్చుకొన్నది అదియే గదా. మనకును పడిపోవు చోటుకును నడుమ నడిచి, తన దేహమునే అడ్డు పెట్టిన ప్రభువునకు మనము ఏమి కూలి ఇచ్చితిమి?

ఆ పెద్దాయన తన పేరును, ఊరి పేరును నాకు చెప్పెను. వాటిని ఇక్కడ వ్రాయను. మీరు గండికోటకు పోయినప్పుడు, మీకు దారి చూపినవానిని మీరే అడుగుడి. అడుగుటకు గండికోట దాకా పోవనక్కరలేదేమో. మీ వాకిట నిలిచినవానిని అడిగినను చాలును.

మనకు కన్నులుగా నున్నవారిని చూచు కన్నులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.